ఆధారితులు లేని కొరమేను

తాటిగెడ్డ అనే ఆ చిన్న ఏట్లో ట్రౌట్ అనే చేప ఏనాడూ లేదు. అయినా దాన్ని బాధ్యతగా పట్టుకోవడం ఎలాగో నీలంపేట జనానికి నేర్పడానికి ఒక మండలి ఏర్పాటైంది.

పై అధికారి ఒకాయన ఏదో చలిదేశంలో సదస్సుకి వెళ్లాడు. అక్కడి పెద్దమనుషులు తొడల దాకా రబ్బరు బూట్లు వేసుకుని, ఏటి మధ్యలో నిలబడి, ట్రౌట్‌ని పట్టుకుని, పెళ్లిచూపుల్లో పిల్లని చూసినంత మర్యాదగా చూసి, కొలిచి, ఫొటో తీసి, కొన్నింటిని వదిలేసి, కొన్నింటిని వెన్నలో వేయించుకుని తినడం ఆయన కళ్లారా చూశాడు. నోరారా తిన్నాడు కూడా. తిరిగొచ్చి విమానం దిగేసరికి ఆయన కొత్త మనిషి. మన ఏళ్లలో జనం చేపల్ని ఇష్టమొచ్చినట్టు పడుతున్నారనీ, ఇష్టమొచ్చినట్టు పులుసు పెట్టుకుంటున్నారనీ ఆయనకి బెంగ పట్టుకుంది. ఆ బెంగలోంచి బాధ్యతాయుత మత్స్య వేట మండలి పుట్టింది.

మండలి నిబంధనల పుస్తకాన్ని ఆ చలిదేశపు పుస్తకంలోంచే తెలుగు చేశారు. చేసినాయన నిజాయితీపరుడు. మూలంలో ట్రౌట్ అని ఉన్నచోటల్లా ట్రౌట్ అనే ఉంచాడు. అచ్చయ్యాక ఎవరో మన దగ్గర ట్రౌట్ లేదని గుర్తు చేశారు. పుస్తకం మళ్లీ అచ్చు వేయడం కంటే నిర్వచనం చేర్చడం తేలిక కాబట్టి మొదటి పేజీలో ఒక చీటీ అంటించారు. 'ట్రౌట్ అనగా ట్రౌట్ గానీ, ట్రౌట్ కాని మరే చేప గానీ.'

దాంతో కొరమేను ట్రౌట్ అయింది. బొమ్మిడాయి ట్రౌట్ అయింది. పరిగెపిల్ల కూడా ట్రౌట్ అయింది. రొయ్య సంగతి పరిశీలనలో ఉంది.

ఈ సంగతులన్నీ చెప్పడానికి బాధ్యతాధికారి త్రివిక్రమరావు ఆషాఢమాసంలో నీలంపేట వచ్చి, పంచాయతీ ఆఫీసులో సభ పెట్టాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉండే మనిషి. ఆయన మాట్లాడితే ఆర్డరు కాయితం లేచి నిలబడి మాట్లాడినట్టు ఉంటుంది.

"సదరు గ్రామ వాస్తవ్యులలో వేట సమయమున బాధ్యత అనునది ఏ మేరకు పాటించబడుచున్నదో తెలియజేయగలరు," అన్నాడు.

ఎవరూ ఏమీ తెలియజేయలేదు. అడిగింది ఏమిటో తెలియలేదు. అప్పుడు దాలినాయుడు లేచాడు.

దాలినాయుడు పట్నం కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరై, సొంతూరు వచ్చి స్థిరపడ్డ మనిషి. ప్రశ్న అడిగినవాడికి జవాబు రాకపోతే చిన్నబుచ్చుకుంటాడని జాలిపడటం ఆయనకి క్లాసు గదిలోంచి వచ్చిన అలవాటు.

"మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉందండి," అన్నాడు. "కొరమేను గుడ్లు పెట్టి పిల్లల్ని చేశాక తల్లీ తండ్రీ వాటిని వదిలిపోవు. పిల్లలు ఎర్రగా, కుంకం చల్లినట్టు, నీటి పైన గుంపుగా తిరుగుతాయి. కింద పెద్దవి కాపలా ఉంటాయి. ఆ ఎరుపు కనబడ్డచోట మేం గాలం వెయ్యం. గెడ్డ ఒడ్డుకి పోగానే ముందు కాసేపు కూర్చుని నీళ్లు చూస్తాం. ఆ తర్వాతే ఎర గుచ్చేది."

ఆ కాస్త కూర్చోవడమే దాలినాయుడికి చేపల వేటలో అన్నిటికన్నా ఇష్టం. భార్య పైడమ్మ ఉన్న రోజుల్లో ఆవిడ కూడా ఒడ్డుకి వచ్చేది. ఆవిడ కళ్లు ఆయన కళ్లకన్నా చురుకు. నీళ్లలో ఎరుపు ఆయనకి కనబడక ముందే భుజం తట్టి, "లెగండి, పిల్లల తల్లి ఉంది. ఇంకో మడుగు సూసుకుందాం," అనేది.

త్రివిక్రమరావు కళ్లు మెరిశాయి. "అద్భుతం! ఇది సంప్రదాయ జ్ఞానము. కానీ ఇందులో ఒక లోపము గలదు."

"ఏటండీ అది?" అన్నాడు పక్కనున్న బంగారినాయుడు. దాలినాయుడికి బావమరిది వరస, పక్కింటివాడు, గాలం వేయడంలో జోడీ.

"రికార్డు లేదు. చూసితిమి, పిల్లలు లేవు అని మీరనుకొన్నచో సరిపోదు. లేవని ఎవరు ధ్రువీకరించిరి?"

నెల తిరక్కుండా కొత్త నిబంధన వచ్చింది. ఇకమీదట పట్టిన ప్రతి ట్రౌట్‌కీ 'ఆధారితులు లేని ధ్రువపత్రం' ఉండాలి. పత్రం చేతికొచ్చేదాకా దాన్ని చంపకూడదు, వదలకూడదు. పట్టినవాడే సొంత ఖర్చుతో బతికించి ఉంచాలి. ఎవరు నిబంధన మీరినా ఊరందరికీ గెడ్డలో వేట బంద్.

"నోరు మూసుకుని కూకోలేకపోనావా బావా?" అన్నాడు బంగారినాయుడు. ఆ మాట ఆ వానాకాలమంతా అంటూనే ఉన్నాడు.

*

దాలినాయుడు ఆ రోజుల్లో గెడ్డకి వెళ్లడానికి ఒక కారణం ఉంది. భాద్రపదంలో పైడమ్మ సంవత్సరీకం. ఆ ఊరి ఇళ్లల్లో పోయినవాళ్ల తిథికి వాళ్లకేది ఇష్టమో అది వండి ఆకులో పెడతారు. పైడమ్మకి ఇష్టమైంది కొరమేను పులుసు. మంచం పట్టిన రోజుల్లో ఒకసారి అడిగింది కూడా. డాక్టర్లు వద్దన్నారు. "లేచి తిరుగు, మోచేతంత కొరమేను తెస్తాను," అన్నాడు ఆయన. లేవలేదు. బజార్లో చెరువు చేప దొరుకుతుంది గానీ, ఆయన అన్నది గెడ్డ కొరమేను. మాటంటే మాటే.

ఆ మాట కోసం ఆయన తెల్లవారకుండా లేచి, రెండు మడుగులు చూసి, ఎరుపు లేదని పైడమ్మ తరఫున కూడా ఒకటికి రెండుసార్లు చూసి, కప్పపిల్లని గుచ్చి వేశాడు. కొరమేను పడింది. మోచేతంత కాదు, ఇంకాస్త ఎక్కువే. దాన్ని గుడ్డ తడిపి చుట్టి, నీళ్ల బకెట్లో ఇంటికి తెచ్చి, పెరట్లో పూర్వం పశువులు నీళ్లు తాగిన సిమెంటు తొట్టిలో వదిలాడు. కొరమేను ఎగిరి దూకే రకం కాబట్టి పైన వెదురు తడిక వేశాడు. ఎండ తగలకుండా గెడ్డలోంచి రెండు గుప్పెళ్లు గుర్రపుడెక్క తెచ్చి పడేశాడు. ఆ తర్వాత దరఖాస్తు పెట్టాడు.

రెండు రోజులకి బంగారినాయుడికీ ఒకటి పడింది. వాళ్లింట్లో తొట్టి లేదు. ఇత్తడి గంగాళంలో వేస్తే ఆయన భార్య సూరీడమ్మ ఒప్పుకోలేదు.

"ఓలమ్మా! మా పుట్టింటోలిచ్చిన గంగాలంలో సేపని కాపరం పెడతావా? అన్నయ్య తొట్టిలో పడెయ్యి," అంది. ఆవిడకి దాలినాయుడు అన్న వరస.

అలా రెండు కొరమేన్లూ ఒకే తొట్టిలో చేరాయి. సంగతి తెలిసి త్రివిక్రమరావు సంతోషించాడు. ఒక బోర్డు పంపించాడు. 'తాత్కాలిక ట్రౌట్ ఆశ్రయ కేంద్రము, నీలంపేట.' బోర్డుకి మేకులు మాత్రం దాలినాయుడే కొనుక్కున్నాడు.

*

ముందు దాలినాయుడి దరఖాస్తు మీద విచారణ. త్రివిక్రమరావు తొట్టి పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. చేప పైకొచ్చి ఒక గుటక గాలి పీల్చి, ఆయన్ని చూసి, కిందికి పోయింది.

"ట్రౌట్ పేరు?"

"పేరేమీ పెట్టలేదండి."

"పేరు లేని ట్రౌట్ అని రాస్తున్నాను. వివాహమైనదా?"

"తెలియదండి."

"తెలియదు అనుటకు గడి లేదు. అయినది, కానిది, రెండే గలవు."

దాలినాయుడు తొట్టిలోకి చూశాడు. తను ఏది చెప్పినా చేపకి అన్యాయం జరిగేలా ఉంది. "కానిది అని రాయండి," అన్నాడు చివరికి. "ఒంటరిగానే పడింది."

"ఇప్పుడు సాక్షులు. ట్రౌట్ నివసించు పరిసరములలోనే నివసించు ఇద్దరు."

"గెడ్డలో ఎవరు నివసిస్తారండీ?"

బంగారినాయుడు ముందుకొచ్చాడు. "నాను నివసిస్తానండి. పొద్దున్న ఒక గంట, సాయంత్రం ఒక గంట. తానం అక్కడే, బట్టలు అక్కడే, మా ఆడదానితో మాటొస్తే పోయి కూకునేదీ అక్కడే. నన్ను రాసుకోండి."

"రెండో సాక్షి?"

"మా గేదె. నా కన్నా అదే ఎక్కువసేపు ఉంతాది."

త్రివిక్రమరావు కొంచెం ఆలోచించి, గేదె వేలిముద్ర సాధ్యం కాదు గనక సూరీడమ్మని రాసుకున్నాడు. ఆవిడ గెడ్డకి వెళ్లి పన్నెండేళ్లయింది. ఇంటి దగ్గర బోరు వేశాక మళ్లీ ఆ వైపు చూడలేదు. సంతకం మాత్రం ముచ్చటగా పెట్టింది.

ఆ తర్వాత అభ్యంతరాల నోటీసు. 'ఈ క్రింద వర్ణించబడిన ట్రౌట్‌పై ఆధారపడిన భార్య, భర్త, సంతానము, వృద్ధ తల్లిదండ్రులు ఎవరైనను ఉన్నచో గడువు లోపల హాజరై తమ అభ్యంతరములు తెలుపవలెను' అని రాసి, గెడ్డ మధ్యలో కర్ర పాతి కట్టారు. సంబంధితులు చదువుకోవాలి కాబట్టి నోటీసుని నీటి వైపు తిప్పి, నీటి లోపలికి దించి కట్టారు. తడవకుండా ప్లాస్టిక్కు తొడిగించారు. ఊళ్లోవాళ్లు చదవాలంటే పీకల్లోతు దిగి బుడుంగున మునగాలి. బంగారినాయుడు మునిగి చదివి వచ్చాడు.

"ఏముంది?" అన్నాడు దాలినాయుడు.

"పిల్లలుంటే రమ్మన్నారు. అచ్చరాలు సన్నం బావా. పాపం ముసలి సేపలకి కనబడదు."

దాలినాయుడు నవ్వాడు. పైడమ్మ పోయిన తర్వాత ఆయన నవ్వడం బంగారినాయుడు వేళ్ల మీద లెక్కపెట్టేవాడు. ఈ తొట్టి వచ్చాక వేళ్లు చాలడం మానేశాయి.

గడువు అయిపోయింది. అభ్యంతరాలు రాలేదు. ఇక పత్రం రావడమే తరువాయి అనుకున్నారు. కానీ మండలి బాధ్యత గలది. 'బంధువులు చదువు రానివారై ఉండవచ్చును' అని సందేహం వచ్చి, దండోరా వేయించమన్నారు. తెప్ప మీద ఒక డప్పు మనిషిని ఎక్కించి గెడ్డ పొడుగునా డప్పు కొట్టించారు. ఆ చప్పుడుకి నాలుగు మడుగుల్లో చేపలు ఐదో మడుగుకి పారిపోయాయి. దాంతో 'బంధువులు భయభ్రాంతులై ఉండవచ్చును' అని గడువు మళ్లీ పొడిగించారు.

ఈలోపు శ్రావణం వచ్చింది. వానలు దట్టంగా పడ్డాయి. తొట్టి నిండి పొర్లింది. దాలినాయుడికి పొద్దున్నే లేచి చెయ్యాల్సిన పని ఒకటి ఏర్పడింది. వానపాములు తవ్వడం, కోడిమాంసం కొట్టు దగ్గర పారేసే ముక్కలు అడిగి తేవడం, తడిక తీసి రెండూ గాలి పీల్చడానికి పైకొచ్చేదాకా నిలబడటం. ఏడాదిగా ఆ ఇంట్లో ఆయన కోసం తప్ప ఎవరి కోసమూ ఏదీ వేళకి జరగలేదు. పైడమ్మ పోయినప్పుడు ఆఫీసులో ఇచ్చిన కుటుంబ ధ్రువపత్రంలో ఆయన పేరు కింద 'ఆధారితులు: లేరు' అని రాశారు. అబద్ధమేమీ కాదు, పిల్లలు లేరు. అయినా ఆ కాయితాన్ని ఆయన బీరువాలో బోర్లించి పెట్టాడు. ఇప్పుడు తన చేతుల మీదుగా ఒక చేపకి అదే ముక్క రాయించడానికి తిరుగుతున్నందుకు కొంచెం సిగ్గుపడ్డాడు కూడా. మాట ఇచ్చాడు గనక తిరిగాడు.

*

సంవత్సరీకం రేపనగా పత్రం వచ్చింది. త్రివిక్రమరావే స్వయంగా తెచ్చాడు. గుండ్రటి ముద్ర, పైన సింహం, కింద సంతకం. 'సదరు ట్రౌట్‌కు సంతానము, ఆధారితులు లేరని సమగ్ర విచారణానంతరము ధ్రువీకరించడమైనది.' బంగారినాయుడి పత్రం రాలేదు. ఆయన దరఖాస్తులో ట్రౌట్ అని రాయడం మరిచిపోయి కొరమేను అని రాశాడట. ఆ పేరుగల జీవి నిబంధనల్లో లేదు.

"మీ సహకారమునకు మండలి హర్షించుచున్నది," అన్నాడు త్రివిక్రమరావు. "రేపు మధ్యాహ్నము మరల వచ్చెదను."

"తప్పకుండా రండి. మా ఆవిడ సంవత్సరీకం. భోజనం ఇక్కడే."

"భోజనమునకు కాదు. వినియోగ పత్రము కొరకు. ధ్రువపత్రము పొందిన ట్రౌట్‌ను వినియోగించినట్లు, అనగా వండి తిన్నట్లు, నేను స్వయముగా చూసి ధ్రువీకరించవలెను. ఇది మన జిల్లాలో తొలి పత్రము. వినియోగము జరగనిచో దుర్వినియోగముగా పరిగణించబడును. గ్రామమునకు వేట హక్కు రద్దగును."

"తినకపోతే తప్పా?" అన్నాడు బంగారినాయుడు.

"పత్రము తీసుకొని తినకపోవుట తప్పు."

దాలినాయుడికి అందులో భయపడేది ఏమీ కనబడలేదు. తినడానికే కదా ఇన్నాళ్లు తిరిగింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

తెల్లవారి లేచి ముందు చింతపండు నానబెట్టాడు. అది పైడమ్మ పద్ధతి. ఆయన గాలం భుజాన వేసుకుని గుమ్మం దాటగానే ఆవిడ చింతపండు నీళ్లలో వేసేది. చేప పడుతుందో లేదో చూసి వేద్దామని ఒక్కనాడూ అనుకోలేదు. ఖాళీ చేతులతో వచ్చిన రోజున ఏమీ అనకుండా పెరట్లోకి పోయి అరటికాయ కోసుకొచ్చేది. ఏటవాలుగా, చేప ముక్కల్లా తరిగి, పసుపూ ఉప్పూ కారం పట్టించి, నూనెలో రెండు వైపులా ఎర్రగా తిప్పి, అదే పులుసులో వేసేది. "మీకు సేప దొరక్కపోతే సింతపండుదేటి తప్పు?" అనేది వడ్డిస్తూ.

కత్తిపీట కడిగి, బూడిద దగ్గర పెట్టుకుని, దాలినాయుడు తొట్టి మీద తడిక తీశాడు.

గుర్రపుడెక్క పక్కన నీళ్ల మీద కుంకం చల్లినట్టు ఉంది.

ఆయన వంగి చూశాడు. ఆ ఎరుపు మొత్తం ఒక్కసారి కదిలి, విడిపోయి, మళ్లీ ముద్దగా చేరింది. కింద రెండు నల్లటి నీడలు, ఒకటి ఇటు, ఒకటి అటు. ఎప్పుడూ ఆయన చెయ్యి చూడగానే తిండికి ఎగబడే కొరమేను ఇవాళ నోరు తెరిచి మీదికొచ్చింది. తిండికి కాదు. పిల్లల జోలికి రావద్దని.

దాలినాయుడు తడికని చప్పుడు కాకుండా మూసి, మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఎవరో భుజం తట్టినట్టు అనిపించింది. తట్టకపోయినా ఆవిడ ఏమనేదో ఆయనకి తెలుసు.

కాసేపటికి ఆయన వేసిన కేక విని బంగారినాయుడు గోడ దూకి వచ్చాడు. తడిక ఎత్తి చూసి చేతులు రెండూ ఎత్తేశాడు. "ఓరి నాయనో! నాది మొగది, నీది ఆడది! మనం వియ్యంకులమైపోనాం బావా! కాదు కాదు, వియ్యంకుడు గోరూ!"

వెనకే వచ్చిన సూరీడమ్మ ముక్కున వేలేసుకుంది. "అవును మరి. ఇన్నాళ్లు ఒక్క తొట్టిలో కూకోబెట్టి పెళ్లయిందా పిల్లలున్నారా అని అడుగుతుంటే, వాటికి మాత్తరం ఆలోసన రాదేటి?"

*

త్రివిక్రమరావు చెప్పిన వేళకే వచ్చాడు. తొట్టిలోకి చూశాడు. పత్రంలోకి చూశాడు. మళ్లీ తొట్టిలోకి చూశాడు.

"పత్రము ప్రకారము సంతానము లేదు," అన్నాడు.

"మరి ఇవి ఏమిటండీ?" అన్నాడు దాలినాయుడు.

"ఇవి ఎర్రగా ఉన్నవి. ట్రౌట్ నల్లగా ఉన్నది. సంబంధము నిరూపితము కాలేదు."

"పిల్లలప్పుడు ఎర్రగానే ఉంటాయండి. పెరిగాక నలుపెక్కుతాయి."

"పెరిగిన తరువాత దరఖాస్తు చేసుకొనవచ్చును." ఆయన గొంతు సవరించుకున్నాడు. "దాలినాయుడు గారూ, అర్థము చేసుకొనండి. పత్రము రద్దు చేయవలెనన్నచో విచారణ తప్పు అని రాయవలెను. విచారణ తప్పు అన్నచో సాక్షులు తప్పు. సాక్షులు తప్పు అన్నచో గ్రామము మీద చర్య. ఇన్ని తప్పులకన్నా ఒక పులుసు మేలు కదా?"

"పిల్లల తల్లిని పట్టకూడదనే కదండీ ఈ నిబంధన పెట్టింది?"

"అవును."

"ఇప్పుడు ఆ నిబంధన కోసమే పిల్లల తల్లిని కొయ్యమంటున్నారు."

త్రివిక్రమరావు జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "నిబంధనకు దాని కారణముతో నిమిత్తము లేదు," అన్నాడు. అన్నాడే గానీ దాలినాయుడి మొహంలోకి చూడలేదు.

చింతపండు నానిపోయి ఉంది. ఉల్లిపాయ ముద్ద సిద్ధంగా ఉంది. మెంతులు వేగిన వాసన వంటింట్లోంచి పెరట్లోకి వస్తోంది. సూరీడమ్మ ఇద్దరు మగవాళ్లనీ, ఒక ఆఫీసర్నీ మార్చి మార్చి చూసి, మొగుణ్ని మోచేత్తో పొడిచి, తమ పెరట్లోకి పోయింది. తిరిగి వచ్చినప్పుడు చీరకొంగు కింద ఏదో దాచి, ఎవరి వైపూ చూడకుండా నేరుగా వంటింట్లోకి నడిచింది.

"అన్నయ్యా," అని లోపల్నించి పిలిచింది. "రా, ముక్కలు తరగాల."

దాలినాయుడు లోపలికెళ్లి చూశాడు. చాలాసేపటికి ఆయన మొహం తేరుకుంది.

"మీరు అరుగు మీద కూర్చోండి," అని త్రివిక్రమరావుకి చెప్పాడు. "పులుసు అవుతుంది. కొయ్యడం మాత్రం మీరు చూడకండి. సున్నిత మనస్కులు."

"అట్లే," అన్నాడు త్రివిక్రమరావు. తప్పించుకున్నంత తొందరగా అరుగు మీదికి పోయాడు.

దాలినాయుడు కత్తిపీట ముందు కూర్చుని ఏటవాలుగా తరిగాడు. పైడమ్మ ఎంత మందాన తరిగేదో చేతికి తెలుసు. పసుపూ ఉప్పూ కారం పట్టించి వేయించాడు. మట్టిదాకలో పులుసు తెర్లుతుండగా ముక్కలు వేశాడు. గరిటె పెట్టలేదు. దాకని గుడ్డతో రెండు వైపులా పట్టుకుని మెల్లగా తిప్పాడు.

"ఇరిగిపోతాయని బయమేటి?" అంది సూరీడమ్మ. "సేపా ఏటి?"

"చేపే," అన్నాడు దాలినాయుడు. "పత్రం ఉంది."

కొత్తిమీర చల్లి దించాడు. మొదటి ఆకు పైడమ్మ ఫొటో ముందు పరిచాడు. అన్నం పెట్టి, నాలుగు ముక్కలు వేసి, పులుసు పోసి, కాసేపు అక్కడే నిలబడ్డాడు. "ఈసారీ ఖాళీ చేతులేనే," అన్నాడు మెల్లిగా. "నువ్వైతే లెగమనేదానివి. లేచాను." ఫొటోలో పైడమ్మ ఎప్పట్లాగే చింతపండు ముందే నానబెట్టుకున్న మనిషిలా నిబ్బరంగా చూసింది.

రెండో ఆకు త్రివిక్రమరావుది.

ఆయన ముందు ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు. ఇంకొక ముక్క పెట్టుకున్నాడు. బంగారినాయుడు ఆయన కంఠం వైపే చూస్తున్నాడు.

"ముల్లు లేదే?" అన్నాడు త్రివిక్రమరావు.

"కొరమేనుకి ముళ్లు తక్కువండి," అన్నాడు దాలినాయుడు. "అదే దాని గొప్ప."

"నీసు వాసన కూడా లేదు."

"గెడ్డ నీరండి. స్వచ్ఛం."

ఆయన అన్నం కలుపుకున్నాడు. మారు వడ్డించమన్నాడు. ఆకులో పులుసు వేలితో తుడిచి నాకుతున్నప్పుడు ఆయన ఆర్డరు కాయితంలా లేడు. ఇంటికి దూరంగా హోటలు తిండి తింటున్న మనిషిలా ఉన్నాడు. మూడోసారి వడ్డిస్తూ సూరీడమ్మ, "తినండి బాబూ, మీ ఊళ్లో ఎవులున్నారు వండి పెట్టడానికి?" అంటే, తల ఎత్తకుండా, "ఎవరూ లేరమ్మా," అన్నాడు. సూరీడమ్మ ఇంకో ముక్క వేసింది.

భోజనమయ్యాక చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. చెంబు తొట్టి పక్కనే ఉంది. తడిక కొంచెం జరిగి ఉంది. సమగ్ర విచారణానంతరం ఆయన కడుపులో ఉండవలసిన కొరమేను నీళ్ల పైకి వచ్చి, ఒక గుటక గాలి పీల్చి, ఆయన్ని చూసింది. చుట్టూ ఎర్రటి గుంపు.

ఆయన అలాగే నిలబడ్డాడు. గుమ్మంలో దాలినాయుడూ, బంగారినాయుడూ, సూరీడమ్మా నిలబడ్డారు. ఊరంతటి వేట హక్కు ఆ తడిక దగ్గర ఆగి ఉంది.

త్రివిక్రమరావు తడిసిన చేత్తోనే తడికని పూర్తిగా మూశాడు. రుమాలుతో చేతులు పొడిగా తుడుచుకున్నాడు. ఫైలు తెప్పించుకుని, తొట్టి అంచు మీద పెట్టుకుని, పెన్ను తీసి రాశాడు. రాసింది పైకి చదివాడు.

"సదరు ట్రౌట్ నా సమక్షమున వినియోగించబడినది. రుచి తృప్తికరము." ఒక్క క్షణం ఆగి, 'తృప్తికరము' కొట్టేసి 'మిక్కిలి తృప్తికరము' అని దిద్ది సంతకం పెట్టాడు.

"మరి ఇంకోటండీ?" అన్నాడు బంగారినాయుడు. "నా కొరమేను?"

"ఆ పేరుగల జీవి నిబంధనల్లో లేదని ముందే తెలియజేసితిమి. లేని జీవి మీద మండలికి అధికారము లేదు. తినివేసిన జీవి మీద అసలే లేదు." ఫైలు కట్టి చంకన పెట్టుకున్నాడు. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. మొదటిసారి మామూలు మనిషి మాట మాట్లాడాడు.

"అమ్మా, అరటికాయ ఏ రకం?"

"బొంత అరటి బాబూ," అంది సూరీడమ్మ. "ఒక గెల పంపిస్తాను."

*

పొద్దు వాలేముందు తిన్న చేపనీ, లేని చేపనీ, ఎర్రటి పిల్లల్నీ తొట్టి నీళ్లతో సహా రెండు బిందెల్లో ఎత్తి గెడ్డకి మోసుకెళ్లారు. మడుగు నిలకడగా ఉన్నచోట దాలినాయుడు మోకాళ్ల దాకా దిగి, బిందెని నీళ్లలోకి నెమ్మదిగా వంచాడు. ముందు పెద్దవి రెండూ జారిపోయాయి. కాసేపటికి వెనక్కి వచ్చాయి. అప్పుడు ఎరుపు మొత్తం బయటికి పాకి, నీళ్ల మీద ఒకటిగా చేరింది.

ఇద్దరూ ఒడ్డున కూర్చుని చూశారు. చూడటానికే కదా వచ్చింది.

ఎర్రటి గుంపు మెల్లగా జరుగుతూ గెడ్డ మధ్యలో పాతిన కర్ర దగ్గరికి చేరింది. మండలివాళ్లు దాన్ని పీకడం మరిచిపోయారు. నీటిలోపల ప్లాస్టిక్కు కాయితం ఇంకా మెరుస్తూనే ఉంది. పిల్లలన్నీ దాని చుట్టూ చేరి, దాన్ని ముక్కులతో పొడుస్తూ, అక్కడే నిలబడిపోయాయి.

"బావా, సూడు సూడు," అన్నాడు బంగారినాయుడు. "అబ్యంతరం సెప్పడానికి వచ్చినాయి."

"రానీ," అన్నాడు దాలినాయుడు. "మన ఎదటే చెప్పాయి. నేను రాసుకున్నాను."

ఇద్దరూ నవ్వుకుంటూ లేచారు. దాకలో ఇంకా సగం పులుసు ఉంది. ఏ చేపల పులుసైనా మర్నాటికి ఇంకా బావుంటుంది.